ఆరడుగుల పెట్టె

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. పాస్టరుకి ఉండకూడని జబ్బే, ఏం చెయ్యను! ఆ రోజు కూడా ముందు వచ్చింది కోపమే.

మన సైన్యం శ్రీలంకలో ఉన్న రోజులవి. రెడ్డిగూడెం దగ్గర మా సంఘంలో ఒక విధవరాలు ఉండేది, మామిడి తోటల్లో కూలికి వెళ్లే మనిషి. ఆమె ఒక్కగానొక్క కొడుకు సిపాయి. అక్కడే చనిపోయాడు, అక్కడే దహనం చేసేశారు. ఇద్దరు జవాన్లు జీపులో వచ్చి, గుడ్డ కట్టిన చిన్న కుండ ఆమె చేతుల్లో పెట్టి సెల్యూట్ చేశారు.

మాలో దహనం లేదు. మట్టిలో పెడతాం, చివరి దినాన ప్రభువు పిలిస్తే ఆ మట్టిలోంచే లేస్తారని మా నమ్మకం. ఆమె నన్ను అడిగింది ఒక్కటే.

"ఒళ్లే లేనోడు ఎట్టా లేస్తాడండీ అయ్యగారూ?"

దేవుడికి ఒళ్లైనా ఒకటే, బూడిదైనా ఒకటే అని నచ్చజెప్పాను. తల ఊపింది. ఊపి, తిన్నగా వడ్రంగి దగ్గరికి వెళ్లి ఆరడుగుల పెట్టె చెయ్యమంది.

నాకు ఒళ్లు మండింది. గుప్పెడు బూడిదకి అంత పెట్టెందుకమ్మా అని గట్టిగానే అడిగాను. మావాడు పొడగరండీ అంది.

మామిడి చెక్కతో పెట్టె తయారైంది. అందులో కొడుకు తెల్లచొక్కా, ప్యాంటూ మనిషి పడుకున్నట్టు పరిచి, ఛాతీ దగ్గర కుండ పెట్టింది. నేను త్యాగం గురించి అరగంట ప్రసంగించాను. దేశం కోసం ప్రాణం పెట్టినవాడు ప్రభువు అడుగుజాడల్లో నడిచినవాడేనన్నాను. దేవుడు కూడా తన ఒక్క కుమారుణ్ణి ఇచ్చాడు, నీ బాధ ఆయనకి తెలుసమ్మా అన్నాను. జనం ఏడ్చారు. బాగా చెప్పాననే అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆమె మాత్రం ఏడవలేదు.

ఆరుగురు కుర్రాళ్లు, అలవాటుకొద్దీ, మనిషి బరువుకి సరిపడా ఊపుతో పెట్టె ఎత్తారు పాపం. అది ఒక్కసారిగా భుజాలు దాటి పైకి లేచిపోయింది. లోపల కుండ దొర్లి చెక్కకి కొట్టుకున్న చప్పుడు అందరికీ వినిపించింది. ఆమె పెట్టె దింపమంది. మూత తీయించి, వరిగడ్డి తెప్పించి, గంపలో రసాలు నలగకుండా సర్దినట్టు కుండ చుట్టూ కూరింది. ఎండ మాడ్చేస్తోంది, అయినా నేను తొందరపెట్టలేదు. ఈసారి కుర్రాళ్లు మెల్లగా ఎత్తి, మహా బరువైనట్టు అడుగులో అడుగు వేసుకుంటూ నడిచారు.

మట్టి కప్పాక జనం వెళ్లిపోయారు. ఆమె సమాధి పక్కనే కూలబడింది. ఆదరించడం నా పని కదా, నేనూ పక్కన కూర్చున్నాను. అప్పుడు అంది:

"దేవుడు కూడా కొడుకునిచ్చాడన్నారు కదండీ. ఆయన కొడుకు మూడోనాటికి లేచొచ్చాడు. మరి నా కొడుకు?"

"చివరి దినానమ్మా," అన్నాను.

"అందాకా నేనేం చెయ్యనండీ?"

వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగింది, ఏదో ఒకటి చెబితే చేసేదే. ఇంత వాక్యం చదివినవాణ్ణి, నేను చాట్రాయిలో ప్రార్థన ఉందమ్మా, వేళైపోతోంది అని లేచి సైకిలెక్కాను.

ఆ రోజు చాట్రాయిలో ప్రార్థనేమీ లేదు.