సోనా వదిలి వెళ్లిన సగం తివాచీ

మా కుబా కొండల్లో చనిపోయిన మనిషి మగ్గం మీది తివాచీని అలాగే కోసి దించరు. ఇంకో చెయ్యి దాన్ని పూర్తిచెయ్యాలి. అందుకే అలెస్గర్ రెండో పెళ్లి చేసుకుని తుకెజ్బాన్‌ను తెచ్చినప్పుడు పొయ్యి కంటే ముందు ఆవిడకు మగ్గమే చూపించారు. మొదటి భార్య సోనా నేసిన సగం దానిమీద ఉంది. కింద వరసలో బొమ్మలుగా మొగుడు, తను, కూతురు నబాత్, ఒక కోడి. ఆ పైన ఖాళీ పడుగు దారాలు. సోనా తివాచీ ఒప్పుకోని ఆడదాన్ని సోనా ఇల్లూ ఒప్పుకోదని ఊళ్లో ఆడవాళ్లు ముందే తేల్చేశారు.

వాళ్లకూ మాకూ గోడ ఒకటే, కాబట్టి నాకు తెలియనిదంటూ లేదు. తుకెజ్బాన్‌ది గజఖ్ వైపు. అక్కడివాళ్ల చెయ్యి ధారాళం. లావు ఉన్ని, పెద్ద ముడి. మా వైపు పని సన్నం, బిగువు. ఆవిడ నవ్వితే మా ఇంట్లో టీ గ్లాసులు మోగేవి.

“అంచున ఈ వంకర గీత బాతే కదూ?” అంది మొదటిరోజు.

“రెక్కల పాము. ఇంటికి కాపలా,” అంది పన్నెండేళ్ల నబాత్. “మా అమ్మ బాతులు నెయ్యదు.”

“బాతు మాత్రం అరిచి కాపలా కాయదా తల్లీ?”

పిల్ల మొహం తిప్పుకుంది. తుకెజ్బాన్ ఆవు పాలు పితకడానికి వెళ్లగానే, ఆవిడ వేసిన ముడులన్నీ విప్పి కూర్చుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నాకు ఒళ్లు మండింది.

“మీ ఆయనతో చెప్పవేం?” అని నిలదీశాను.

“చెబితే పిల్లను కొడతాడక్కా. ముడులదేముంది, మళ్లీ వేస్తా.”

తివాచీ పెరగడం లేదేమని అలెస్గర్ అడిగితే ఉన్ని బాగాలేదంది. పాపం, అతను వెళ్లి గొర్రెలను తిట్టాడు.

ఒకరోజు ఎందుకో నబాత్ విప్పడం మరిచిపోయింది. పొద్దున వెలుతురులో తుకెజ్బాన్ తన పనిని తేరిపార చూసుకుంది. కింద సోనా భాగం గీత గీసినట్టుంది. పైన తనది ఉబ్బి, పక్కకు జరిగి, తివాచీ నడుము వంకరైంది. ఆవిడే కూర్చుని తను వేసిందంతా విప్పేసింది.

“నువ్వు విప్పడమే న్యాయం. నా చెయ్యి దీనికి పనికిరాదు,” అంది నబాత్‌తో. “మీ అమ్మ దగ్గర ముడి నేర్చుకున్నావుగా. నువ్వు వెయ్యి.”

“నాకు ముడే వచ్చు. ఎక్కడ ఏ రంగో తెలీదు.”

“రంగులు నేను చెప్తా.”

మా దగ్గర పెద్దామె రంగులు చెబుతుంటే చిన్నవాళ్లు ముడులు వెయ్యడం మామూలే. ఆ రోజునుంచి గోడ అవతల ఒకటే పాట. ఎరుపు రెండు, తెలుపు ఒకటి, నీలం నాలుగు. పిల్ల చెయ్యి అచ్చం సోనాదే. తివాచీ నిటారుగా లేచింది.

చివరి వరసలో అలెస్గర్ బొమ్మ ఒకవైపు, నబాత్ బొమ్మ ఒకవైపు లేస్తున్నాయి. నేను టీ తాగుతూ అక్కడే ఉన్నాను.

“ఇద్దరి మధ్యా నీలం,” అంది తుకెజ్బాన్.

నబాత్ ఎరుపు అందుకుంది.

“నీలమన్నానే.”

“విన్నాను.”

ఎరుపే వేసింది. నాలుగు రోజుల్లో అది పావడా అయింది. తర్వాత నడుము, తర్వాత తల.

“ఎవరే ఇది?”

“నువ్వు. అమ్మ కింద ఉంది, తనను కదపను. నీ చోటు ఇది.”

తుకెజ్బాన్ బొమ్మ దగ్గరికి వంగి చూసింది. “నేనింత లావుంటానా?” అంది.

“తగ్గించే వేశాను.”

ఆవిడ లేచి గబగబా ఆవుల కొట్టంలోకి పోయింది. గజఖ్ వాళ్ల ఏడుపు కూడా చిన్నగా ఉండదు. నాకూ కళ్లు నిండాయి. నబాత్ మాత్రం ఉన్ని చేత్తో పట్టుకుని, తలుపు వైపు తిరిగి కేకేసింది.

“పిన్నీ, రంగు చెప్పకుండా పోతే నేనెలా నెయ్యను?”

ఆ ఇంట్లోంచి ఆ పిలుపు వినడం నాకదే మొదలు.