గొట్టం కాగకముందే తిప్పిన వాల్వు

ఆ ఉదయం మీటరు నలభై వాట్లే చూపించింది. కిందటి వారం అదే ఇంజిను, అదే వేగంలో మూడు వందలు దాటించింది.

ఇంజిన్లు పరీక్షించే ఈ హాల్లో మెకానిక్‌గా ఉన్న ఆమెను అందరూ 'పానా' అంటారు. బస్సు డిపోలో ఏళ్ల తరబడి డీజిల్ ఇంజిన్లు విప్పి బిగించిన మనిషి. ఇక్కడిది హైడ్రోజన్‌తో నడుస్తుంది. దాని పొగగొట్టం చుట్టూ బిస్కెట్లంత పలకలు బిగించారు. పలకకు ఒకవైపు గొట్టం వేడి, రెండోవైపు నీళ్ల చల్లదనం తగిలితే కరెంటు పుడుతుంది. వృథాగా గాల్లో కలిసే వేడిలోంచి కాస్తయినా రాబట్టాలన్నది ప్రయత్నం. దాన్ని నడిపించే ఇంజినీరు ఆమె చెల్లెలి భర్త. ఆమెను పనిలో పెట్టించిందీ అతనే. ఆ మాట చెల్లెలు ఎప్పుడూ మరచిపోనివ్వదు.

పలకలు నాసిరకమని అతను తేల్చేశాడు. అమ్మినాయనకు ఫోన్ చేసి కడిగేశాడు. ఆయన తనే వచ్చి చూస్తానన్నాడు. పానా పక్కనే నిలబడి వింది. పలకలు విప్పినప్పుడు వాటి మధ్య తడి చూసింది ఆమె ఒక్కతే. గుడ్డతో తుడిచేసింది కూడా.

హైడ్రోజన్ ఇంజిను పొగలో నీటి ఆవిరి ఎక్కువ. గొట్టం బాగా కాగాకే చల్లనీళ్లు వదలాలని మొదటిరోజే చెప్పారు. లేకపోతే ఆవిరి లోపలే నీరై అతుకుల్లోంచి పలకల్లోకి దిగి వాటిని పాడుచేస్తుంది. డిపోలో మాత్రం నీళ్లు చూసుకోకుండా ఇంజిన్ స్టార్ట్ చేస్తే తిట్లు తినాల్సిందే. ఇక్కడా చెయ్యి ఆ అలవాటునే పోయి నీళ్ల వాల్వు ముందే తిప్పేసింది. ఒక్కసారి కాదు, వారమంతా.

మధ్యాహ్నం మరిది గదికి వెళ్లి జరిగింది చెప్పింది. అతను లేచి తలుపు మూశాడు.

"ఇప్పుడా వదినా చెప్పేది? పలకలే మంచివి కావని పైవాళ్లకి చెప్పేశాను."

"తప్పు నాది. మధ్యలో ఆయన్ని అనడమెందుకు?"

"మీ పేరు బయటికొస్తే మిమ్మల్ని పంపించేస్తారు. తెచ్చినందుకు నన్నూ వాయిస్తారు. మీ చెల్లెలికి ఏం చెప్పుకోను?"

"దానికి నేను చెప్పుకుంటాలే మరిదిగారూ. దాని నోరు నాకు కొత్తా?"

అతను నవ్వలేదు. రేపు ఆయన వచ్చి వెళ్లేదాకా స్టోర్ గదిలోంచి కదలొద్దన్నాడు.

పలకలమ్మినాయన పొద్దున్నే వచ్చాడు. ఒక పలకను తిప్పి అంచున తుప్పు చూశాడు. ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు నీళ్ల వాల్వు తిప్పేది ఎవరని మెల్లగా అడిగాడు.

పానా స్టోర్ గదిలోంచి బయటికి వచ్చింది.

"నేనేనండీ. గొట్టం కాగకముందే తిప్పాను."

సాయంత్రం ఆమె గేటు పాసు తీసేసుకున్నారు. మర్నాడు పాత డిపోకి వెళ్లి పని ఏమైనా ఉందా అని అడిగింది. లేదన్నారు.