ఫ్రాన్సు కోడలు

తొమ్మిదేళ్లుగా ఒక కొమ్మను మోస్తున్నాను. జానెడు కొమ్మ. అది మట్టిలో కలిసి కూడా చాలా కాలమైంది. అయినా దించుకోలేకపోతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెబుదామని చాలాసార్లు కూర్చున్నాను. టీ చల్లారిందే తప్ప నోరు పెగల్లేదు. మా ఆయనకు సగం తెలుసు. ఆ సగం ఆయనకు నలుగురిలో చెప్పుకునే తమాషా కథ. మిగతా సగం ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ముందు ఒక్క మాట. నేను చదువుకోని మనిషిని కాదు. బోటనీలో ఎమ్మెస్సీ చేశాను. అడిలైడ్ వచ్చాక మాసన్ లేక్స్‌లో ఇల్లు కొనుక్కున్నాం, యూనివర్సిటీలో ల్యాబ్ ఉద్యోగం దొరికింది. మొక్కల తెగుళ్లు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఎలా పాకుతాయో పిల్లలకు స్లైడ్లు పెట్టి చూపించేదాన్ని. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కథ పూర్తయ్యాక మీరు ‘పాపం, తెలియక చేసింది’ అనుకోకూడదు.

అప్పన్న అంకుల్ మాకు గుడిలో పరిచయం. ఫిజీలో పుట్టిన తెలుగాయన. వాళ్ల తాతను చెరకు తోటల పనికి ఓడెక్కించి తీసుకుపోయారట. అంకుల్ ఎనభైల చివర్లో ఇక్కడికి వచ్చి, పాతికేళ్లు బస్సు నడిపి, ఊరికి ఉత్తరాన ఐదెకరాలు కొని ద్రాక్ష వేశారు. పండిన పంటంతా వైనరీకి పోతుంది. ఆయన మాత్రం చుక్క ముట్టరు. ‘కోళ్లు పెంచే శాకాహారి’ అని మేం ఏడిపించేవాళ్లం. ఆంటీ పోయాక ఒంటరిగా ఉండేవారు. మా నాన్న పోయిన ఏడాదే మాకు పరిచయమయ్యారు, ఆయన తెలుగు మా తాతమ్మ తెలుగులా ఉండేది. ప్రతి శనివారం పప్పో పులుసో పట్టుకుని వెళ్లడం నాకు అలవాటైపోయింది. ఆయన నాకు ఎవరు అంటే ఏం చెప్పను? నాన్న తర్వాత నాన్న.

మా పాతికేళ్ల పెళ్లిరోజుకు ఫ్రాన్స్ వెళ్లాం. కారు అద్దెకు తీసుకుని ఊళ్లు తిరగాలని మా ఆయన ముచ్చట. బయలుదేరేముందు అంకుల్ అడిగింది ఒక్కటే, అక్కడి తోటల ఫొటోలు. ‘ద్రాక్షకు పుట్టిల్లంట కదమ్మా’ అన్నారు. అంతే. కొమ్మ తెమ్మని ఆయన అడగలేదు. ఎవరూ అడగలేదు.

ఆ ఊరి పేరు చెప్పను. బర్గండీలో చిన్న ఊరు. రెండు వీధులు, ఒక చర్చి, ఎటు చూసినా ద్రాక్ష. మేం చేరేసరికి మధ్యాహ్నం, భోజనాల వేళ. ఉన్న ఒక్క రొట్టెల దుకాణం కూడా తలుపులేసుకుంది. చర్చి గోడ నీడలో కారు ఆపి, డిక్కీ మీద పేపరు పరుచుకుని, సూపర్‌మార్కెట్ పెరుగులో అన్నం కలుపుకుని మాగాయతో తిన్నాం. ఎదురింట్లోంచి ఒక ముసలావిడ మమ్మల్ని చూస్తోంది. తిట్టడానికి వస్తోందేమో అనుకున్నాను. ఆవిడ తన గుమ్మం మీద పాకిన ద్రాక్ష తీగను చూపించి రమ్మని చెయ్యూపింది.

ఆ తీగ మొదలు నా నడుమంత లావుంది. అంత పాత తీగను నేను అంతవరకు చూడలేదు. ఆవిడకు ఇంగ్లిష్ రాదు, మాకు ఫ్రెంచి రాదు. ఒక గుత్తి తుంచి మా చేతిలో పెట్టింది. తిన్నాం. మా మొహాలు చూసి సంతోషపడి, ఇంకా ఇస్తాను ఉండండన్నట్టు సైగ చేసి సంచీ తేవడానికి లోపలికి వెళ్లింది.

అప్పుడు విరిచాను.

అడిగి తెచ్చుకున్న మొక్క కంటే చెప్పకుండా తెచ్చుకున్న మొక్క బాగా బతుకుతుందని మా వైపు అంటారు. మనీప్లాంట్ తీగ దొంగిలించని ఇల్లాలు మా వీధిలో ఉండేది కాదు. బోటనీ చదివిన బుర్ర ఆ క్షణంలో ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. ఎక్కడ విరిస్తే వేరు పడుతుందో లెక్క చూసుకుని, నాలుగు కణుపులు ఉండేట్టు విరిచింది ఆ బుర్రే. ఆవిడ నవ్వుతూ సంచీ నింపి తెచ్చింది. కొమ్మ అప్పటికే నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. ‘మెర్సీ’ అన్నాను. నాకు వచ్చిన ఒక్క ఫ్రెంచి మాట.

హోటల్ గదిలో దాన్ని రెండు ముక్కలు చేసి, తడి జేబురుమాలు చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పట్టుచీర మడతల్లో దాచాను. మా ఆయన నవ్వారు. విమానంలో ఇచ్చిన కార్డులో ‘మొక్కలు, మొక్కల భాగాలు’ అన్న చోట ‘లేదు’ అని టిక్కు పెట్టాను. అడిలైడ్‌లో దిగాక తనిఖీ కుక్క వచ్చి మా ఆయన సంచీ దగ్గర కూర్చుంది. అందులో మరిచిపోయిన యాపిల్ ఒకటి ఉంది. అధికారి యాపిల్ తీసుకుని, మన రైతుల కోసమే ఈ జాగ్రత్తలు అని మర్యాదగా మందలించాడు. సారీ చెప్పాను, సిగ్గుపడ్డాను కూడా. యాపిల్‌కు.

ఒక ముక్కను ఇంట్లో కుండీలోనే ఉంచుకున్నాను. రెండోది వేళ్లూనుకున్నాక అంకుల్‌కు ఇచ్చాను. ఎక్కడిదంటే, ఆ ఊరి రకమే, ఇక్కడి నర్సరీలో దొరికింది అన్నాను. ఆయన దాన్ని మొదటి వరుస చివర నాటి, మొదలు దగ్గర కాస్త పసుపు చల్లి, ‘ఫ్రాన్సు కోడలు’ అని పేరు పెట్టుకున్నారు. ఫోన్ చేస్తే ముందు కోడలి కబుర్లే. కోడలు చిగురేసింది. కోడలికి ఇక్కడి ఎండ పడలేదు. కోడలు అలిగింది. నాకెంత గర్వంగా ఉండేదో!

నాలుగో ఏడు కోడలి ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. తర్వాత పక్క తీగ, ఆ పక్క తీగ. సగం వరుస ఎండింది. అంకుల్ తనే ఫోన్ చేసి వ్యవసాయశాఖవాళ్లను పిలిపించారు. అలాంటి మనిషి ఆయన. వాళ్లు వచ్చిన రోజు శనివారం కాదు, అయినా ఆయనకు తోడుగా వెళ్లి వరండాలో కూర్చున్నాను. వేళ్లు తవ్వి చూశారు. వేరుకు పట్టిన పురుగు పేరు చెప్పారు. ఆ పేరు మీద నా దగ్గర మూడు స్లైడ్లు ఉన్నాయి.

ఎలా వచ్చి ఉంటుందని అడిగారు. బయటి మొక్కలు, పనిముట్లు, వేరే తోటలో నడిచిన బూట్లు, దేనివల్లయినా రావచ్చన్నారు. అంకుల్ కాసేపు ఆలోచించి నా వైపు తిరిగారు.

“ఏటమ్మా, మన మొక్కలన్నీ ఇక్కడివే కదా?”

“అవును అంకుల్. అన్నీ ఇక్కడివే.”

“మరైతే రాములు బూట్లే.”



రాములు గారు అంకుల్ తమ్ముడు. ఫిజీలోనే ఉండేవారు. అంతకు ముందటి ఏడు చలికాలంలో ఆయన అన్నను చూడ్డానికి వచ్చారు. దారిలో విక్టోరియాలో బంధువుల ద్రాక్షతోటలో నాలుగు రోజులుండి, అక్కడి నుంచి నేరుగా ఇక్కడికొచ్చి, మర్నాటి నుంచే అన్నకు సాయంగా మొదటి వరుస కత్తిరించారు. అంతా సరిపోయింది. అధికారులు కూడా కావచ్చు అన్నట్టు తలూపి రాసుకున్నారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. కుట్టింది కూడా తెలియనంతగా ఊపిరి తేలికైంది. ఆ తేలికదనమే ఇప్పటికీ నన్ను ఎక్కువ భయపెడుతుంది. మనిషి అలా కూడా ఉండగలదా?

తోటంతా పీకి కాల్చారు. కొన్నేళ్లపాటు మళ్లీ ద్రాక్ష వేయకూడదన్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కుండీలో ఉంచుకున్న ముక్కను వేళ్లతో సహా నల్ల కవర్లో కట్టి చెత్తబుట్టలో వేశాను. దాన్ని పరీక్షకు ఇచ్చి ఉంటే తేలిపోయేది. పురుగు నాతో వచ్చిందా, లేదా? బహుశా నాతో రాలేదేమో. ఈ ‘బహుశా’ను పట్టుకునే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. తేల్చుకునే దారి ఒక్కటే ఉంటే దాన్ని నేనే చెత్తలో వేసి, తర్వాత ‘ఎవరికి తెలుసు’ అనుకోవడానికి నాకు ఏం హక్కుంది?

అంకుల్ తమ్ముడికి ఫోన్ చేసినప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. వంటింట్లో అన్నం వారుస్తున్నాను. ఆయన అరవలేదు. మెల్లగా ఏదో అన్నారు, విన్నారు, పెట్టేశారు. బూట్లు కడుక్కున్నానంటున్నాడు, అబద్ధం, అన్నారు నాతో. ఆ తర్వాత వాళ్లు మాట్లాడుకోలేదు. పండక్కీ లేదు, పెళ్లికీ లేదు. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్న అన్నదమ్ములు.

రెండేళ్ల క్రితం రాములు గారు గుండెపోటుతో పోయారు. టికెట్ బుక్ చేస్తానన్నాను. ‘వద్దమ్మా, నా తోటను తిన్నోడు’ అన్నారు అంకుల్. వెళ్లలేదు. నేను బతిమాలలేదు. బతిమాలాలంటే కారణం చెప్పాలి కదా.

పోయిన నెలలో ఒక శనివారం. ఖాళీ నేలలో కంది వేశారు, కాయలు కోస్తున్నాం. ఉన్నట్టుండి, ‘రాముల్ని క్షమించేశానమ్మా’ అన్నారు. ‘కావాలని చేశాడా ఏటి. పోయినోడి మీద కోపమేటి.’ ఆయన కళ్లు తుడుచుకున్నారు. నేను కందికాయలు కోస్తూనే ఉన్నాను. ఆ మాటకోసం రాములు గారు మూడేళ్లు ఎదురుచూసి పోయారు. అది విన్నది నేను.

ఆ రోజు నుంచి సరిగా నిద్ర లేదు. అందుకే ఇది రాస్తున్నాను. రాస్తూ కూడా ఒక మాట దాటవేస్తూ వచ్చాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

రాములు గారు వచ్చిన రోజు శనివారం. కారు దిగగానే, ‘వేరే తోటలో తిరిగొచ్చానమ్మా, ఇది అన్న తోట కదా’ అంటూ తోట గేటు బయటే కుళాయి దగ్గర ఆగారు. బూట్లు విప్పి, బ్రష్షుతో అడుగులు, కుట్లు, తాళ్లు కూడా తోమారు. బ్లీచు నీళ్లు అడిగితే బకెట్లో కలిపి తెచ్చాను. అంకుల్ లోపల టీ పెడుతున్నారు. పైపు పట్టుకుని నీళ్లు పోసింది నేనే.

‘రాములు గారు బూట్లు కడిగారు, అంకుల్, నేను చూశాను.’ ఈ ఒక్క ముక్క అని ఉంటే చాలు, అన్నదమ్ములు విడిపోయేవాళ్లు కారు. కొమ్మ సంగతి చెప్పక్కర్లేదు కూడా. కానీ బూట్లు కాకపోతే మరేమిటి అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న రాకుండా ఉండడానికి ఒక మంచి మనిషిని అబద్ధాలకోరుగానే పోనిచ్చాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. అంకుల్ తెలుగు మాట్లాడతారు. చదవలేరు. ఫిజీలో ఆయనకు అక్షరాలు నేర్పినవాళ్లు లేరు. అది తెలిసే దీన్ని తెలుగులో రాస్తున్నాను. నా ధైర్యం ఇంతే. మీరు నన్ను క్షమించకండి, అది మీ పని కాదు.

రేపు శనివారం. దోసకాయ పప్పు తీసుకుని వెళ్తాను. ఈ కాగితాలు సంచీలో ఉంటాయి. ఆయనకు చదివి వినిపిస్తానో, మడతపెట్టి తిరిగి తెచ్చుకుంటానో నాకే తెలియదు. కానీ తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ మాట నా ఒంట్లోంచి బయటికి వచ్చింది, నల్ల సిరాతో, నా చేతిరాతతో. కొమ్మ నేను తెచ్చాను. రాములు గారు బూట్లు కడిగారు.