‘సరేనండీ’ని ఒప్పుకోని డాక్టరు

డాక్టరు గారు పోయారని సోమవారం పొద్దున్నే ఫోనొచ్చింది. చేసింది ఆయన నర్సింగ్ స్కూల్లో చదివి, ఆయన ఆసుపత్రిలోనే హెడ్ నర్సయిన అమ్మాయి. ఇక విజయవాడంతా సంతాప సభలు. ప్రతి వేదిక మీదా ఆయన్ని దేవుడంటున్నారు. దయచేసి అనకండి. దేవుణ్ణి చేసేస్తే ఆయన చేసిన పని మనం చేయక్కర్లేదు కదా!

మా పరిచయం తగాదాతోనే మొదలైంది. ఆటోనగర్‌లో ఆసుపత్రి మంచాలు చేయించి అమ్ముకునే డాక్టరు ఇక రోగుల్నేం చూస్తాడని పత్రికలో రాశాను. పిలిపించి కాఫీ ఇచ్చారు.

“వ్యాపారమేనయ్యా, కాదన్నానా? ఆ మంచాలు అమ్ముడైతేనే నా నర్సింగ్ పిల్లలు ఫీజు లేకుండా చదువుతున్నారు. నీ వ్యాసంతో ఎవరు చదువుకున్నారో చెప్పు.”

నాకు కోపమొచ్చింది.

తర్వాత మా అమ్మ సంగతి. కీళ్లనొప్పులకు వేరేచోట వారానికొకటి వేసుకోమన్న మాత్రను రోజూ వేసుకుని, నోరంతా పుండ్లతో ఆయన దగ్గరికొచ్చింది.

“వాళ్లు చెప్పినప్పుడు ఏమన్నావమ్మా?”

“సరేనండీ అన్నానండీ. అంత పెద్దాయన్ని మళ్లీ అడిగితే ఏం బాగుంటుంది?”

ఇదీ మన కృష్ణా జిల్లా మర్యాద! ప్రాణం మీదకొచ్చినా అర్థం కాలేదని అనం. ఆయన పక్కనున్న విద్యార్థినుల వైపు తిరిగారు. “విన్నారా? సరేనండీ అన్నారంటే మీరు సరిగ్గా చెప్పలేదని లెక్క.”

అమ్మ కోలుకుంది. ఏ మందు ఎప్పుడో రోగి తన మాటల్లో తిరిగి చెప్పేదాకా పంపకూడదన్నది ఆ రోజు నుంచీ అక్కడ నియమమైంది. రోగి తప్పు చెబితే చివాట్లు నర్సుకే.

ఆయన పోయిన మూడో రోజునే కొత్త యాజమాన్యం ఆ నియమం ఎత్తేయమంది. టైం వేస్టట! ప్రింటు చీటీ చేతిలో పెడితే చాలట! హెడ్ నర్సు మళ్లీ ఫోన్ చేసింది.

“నేను రాస్తానమ్మా, ఊరుకోను. మరి నువ్వు?”

“నేను రోగులతో చెప్పిస్తూనే ఉంటానండీ. ఉద్యోగం తీసేస్తే తీసేయమనండి.”

మర్నాడు వెళ్లాను. కొండపల్లి నుంచొచ్చిన బొమ్మల పనివాడొకాయన ఆమె ముందు కూర్చున్నాడు. వెనక లైను మెట్లదాకా ఉంది.

“ఎంతసేపమ్మా? లైను ఆగిపోయింది!” మేనేజరు గద్దించాడు.

లైన్లోంచి ఒకావిడ అందుకుంది. “ఆగనీయండి బాబూ! మా వంతొచ్చాక మాతోనూ చెప్పించాలిగా.”

హెడ్ నర్సు తల తిప్పలేదు. “మళ్లీ చెప్పు బాబాయ్.”

ఆయన గోళ్ల సందుల్లో ఎర్ర రంగు, పచ్చ రంగు. బొటనవేలు మడిచాడు. “తినకముందు తెల్లది...” చూపుడువేలు సగం మడిచి, గుర్తు తెచ్చుకుంటూ ఆగాడు. మెట్లదాకా ఉన్న జనమంతా ఆ వేలికేసే చూస్తున్నారు.