పరాయి దేశానికి మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్

ఇరవై నాలుగేళ్ళ వయసులో నాకు ప్రపంచం మొత్తం ఒకటే డిపార్ట్‌మెంటులా కనిపించేది. సూర్యాపేట టీచరు కోదాడకు బదిలీ చేయించుకోగా లేనిది, మన సైన్యంలో ఉన్న జవాను ఇంకో దేశం సైన్యానికి ఎందుకు మారకూడదు? (నవ్వకండి, అప్పట్లో నాకిది చాలా గట్టి వాదన.) బ్యారక్‌లో నా పక్క మంచం వాడు నేపాలీ. సొంత దేశం వదిలొచ్చి మన సైన్యంలో దర్జాగా ఉన్నాడు. పైగా ఐరోపాలో ఒక దేశం పరాయివాళ్ళను కూడా సైన్యంలో చేర్చుకుంటుందని ఫోన్లో వీడియో చూశాను. మంచులో మూడేళ్ళు కాపలా కాసి విసిగిపోయి ఉన్నానేమో, ఇక మనసు నిలవలేదు.

సెలవులో మా ఊరు చివ్వెంల వచ్చినప్పుడు సంగతి మేనమామకు చెప్పాను. ఆయన మిర్యాలగూడలో ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. బదిలీ దరఖాస్తు రాయడంలో తనను మించినవాడు జిల్లాలో లేడని ఆయన నమ్మకం. అంతా విని కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"అల్లుడూ, ఊకె అడిగితే ఎవడిస్తడు? మ్యూచువల్ పెట్టాలె. నువ్వు గాడికి పోతవ్, గాడోడు నీ జాగల గీడికొస్తడు. ఎవలికీ నష్టం లేదు."

"గాడోడు ఎవరు మామా?"

"ఆ పేరు ఖాళీ ఉంచుదం, ఆళ్ళే నింపుకుంటరు. కారణం 'తల్లి అనారోగ్యం' అని రాయి. నా సర్వీసుల ఆ కారణం ఒక్కసారి గూడ వాపస్ రాలే."

తల్లికి బాగాలేదని చెప్పి ఏడు సముద్రాల అవతలికి బదిలీ అడుగుతున్నామన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఏ కాగితమైనా పై అధికారి ద్వారానే పోవాలని మామ పట్టుబట్టడంతో, ఆ దరఖాస్తు మా కమాండింగ్ ఆఫీసరు బల్ల మీదికి చేరింది.

ఆయన నన్ను పిలిపించి, రెండుసార్లు చదివాడు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. "చేసిన ప్రమాణానికి బదిలీ ఉండదు" అని కాగితం చింపేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మకు బాగాలేదని రాశావుగా. పది రోజులు సెలవిస్తున్నా, వెళ్ళి చూసుకో" అన్నాడు.

సిగ్గుతో ఊరికి వచ్చాను. అమ్మ పొలంలో నాటు వేస్తోంది. మామ అప్పటికే ఫోన్లో అంతా చెప్పేశాడు.

"నాకేం రోగమొచ్చింది రా? గట్టిగనే ఉన్న" అంటూ నడుం ఎత్తి నన్ను చూసింది. "నీ బదులు ఇంకోడొస్తడని రాసిండ్రట గద కొడకా. ఆడొస్తే నన్ను అమ్మా అంటడా?"

అయ్యో, ఎంత అమాయకురాలో అనుకుని పొలం గట్టు మీద కూర్చుని పడీపడీ నవ్వాను. ఆమె నవ్వలేదు, మళ్ళీ వంగి నాటు మొదలుపెట్టింది. ఆ మాటలో ఎంత దిగులుందో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. సర్వీసు ముగించి సూర్యాపేటలో స్థిరపడ్డాక ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నేనైన ఆ కుర్రవాడి మీద నవ్వే వస్తుంది. అమ్మను చూసుకోమని ఇచ్చిన సెలవులో ఇంట్లో ఉన్నది ఒక్క రోజు. మిగతా తొమ్మిది రోజులూ కోదాడలో స్నేహితులతో సినిమాలు చూశాను.