పెండ్లిచీరలో జానెడు నలుపు

ధర్మవరంలో పెండ్లిచీర నేయాలంటే తిప్పయ్యే నేయాల. ఆ పేరే ఆయప్పను ముంచింది. షుగరొచ్చి కండ్లను తింటాంటే ఎవురికీ చెప్పకుండా దాచిపెట్టినాడు. చెప్తే మగ్గం దిగమంటారని భయం. కాళ్ళకూ చేతులకూ పని తెలుసు గానీ, రంగులే మోసం చేస్తాండాయి. ముదురాకుపచ్చా నలుపూ ఒకటే మాదిరి. పోనీ పెండ్లాన్నయినా అడగొచ్చు గదా? ఊహూ, మొగోడు అడుగుతాడా!

పెండ్లాము హనుమక్క పట్టు కండెలకు చుట్టి బుట్టలో పెడుతుంది. పచ్చవి ఎడమకు, నల్లవి కుడికి. తిప్పయ్య ఆ వరసనే నమ్ముకొని నేస్తాండాడు. ఒకపొద్దు బీడీల కోసం తడుముతా బుట్టను తనే తిప్పేసినాడు. అది తెలుసుకోకుండా ఆకుపచ్చ పెండ్లిచీర నడుమ జానెడు నలుపు నేసి పెట్టినాడు. పెండ్లికూతురి చీరలో నలుపు! చీర నేయించే షావుకారు మార్కండేయ చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"కండ్లు యాడ పెట్టుకొని చుట్టినావే?" అని తిప్పయ్య నలుగురి ముందర పెండ్లాం మీదికి ఎగిరినాడు. ఆ మాట అనేదానికి నోరెట్లా వచ్చిందో, థూ!

హనుమక్క తల వంచుకొని, "తప్పు నాదేనన్నా. నాకు కండ్లు సరిగా కనపడ్డంలేదు" అనింది మార్కండేయతో.

"ఆదివారం కంటి క్యాంపు ఉండాది. ఈమెను పిల్చుకపోప్పా" అన్నాడాయన తిప్పయ్యతో.

ఆమె కూచొని ఆ నల్లపోగులన్నీ పీకింది. తిప్పయ్య పక్కనే రాయి మాదిరి నిలబడినాడు.

క్యాంపులో మగ్గాలోళ్ళు చానామంది వచ్చినారు, మార్కండేయతో సహా. డాక్టరమ్మ చుక్కలమందు తీస్తే, హనుమక్క తల వెనక్కి వాల్చి కండ్లు తెరిచింది. ఏ జబ్బూ లేని కండ్లు! తిప్పయ్య సిగ్గుతో గబుక్కున అడ్డమొచ్చినాడు.

"ఆపమ్మా! కండ్లు పోయింది నాకు. ఆ నలుపు నేసిందీ నేనే" అని అందరికీ వినపడేట్టు అరిచినాడు.

డాక్టరమ్మ ఆయప్పను కుర్చీలో కూచోబెట్టి, "ఎప్పటినుంచి?" అనడిగింది. హనుమక్కే చెప్పింది.

"పోయిన ఉగాది నుంచమ్మా. కొత్తచీర కట్టుకుంటే, పండగపూట నల్లచీరేందని తిట్టినాడు. అది నీలంచీర. ఆ పొద్దే నాకు తెలిసిపోయింది. అప్పట్నుంచే కండెలు ఎడమకూ కుడికీ వేరేగా పెడతాండా, తడుముకున్నా దొరకాలని."

తిప్పయ్య తల ఎత్తలేకపోయినాడు. కండ్లు తెరవప్పా అని డాక్టరమ్మ మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.