టైపు కాక దాచిన నకళ్లు

టైపు కాక సోమవారం పొద్దుగాల పోయిండు. ఆ మాట వినంగనే నేను వంటింటి గడప మీద కూలబడి ఏడుస్తుంటే, మా అమ్మ గిన్నెలు తోముకుంటనే అన్నది: "ఇగ నీ ఫారాలు ఎవలు కొడుతరనేగా నీ ఏడ్పు?" మా అన్న నవ్విండు. బాపు నవ్వలే గని, కాదని గూడ అనలే. ఇరవై నాలుగేండ్లసంది ఒక్క ఇంట్ల ఉన్నం. నా ఏడుపును గూడ దరఖాస్తు లెక్కనే చదివిండ్రు.

ఆయన మా కాక కాదు. ముంబై పక్కన, బట్ట నేసే మా ఊళ్లె, నార్పోలిల మా ఖోలీకి రెండు ఖోలీల అవతలి అర్రల ఉండేటోడు. మాలెక్కనే తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబమే గని, వాళ్లు ఆదివారం చర్చికి పోయేటోళ్లు. ఈ ఊళ్లె ఇది చదువుతున్న మీలో చానామంది ఇండ్లల్ల ఆయన కొట్టిన కాగితం ఉండే ఉంటది. కరెంటు మీటరు అర్జీ, రేషన్ కార్డుల పేరెక్కించే కాగితం, కిరాయి కరారు. కోర్టు ముందర నీలం తాడ్‌పత్రి పరదా కింద ఆయన మేజ. పొద్దుగాల టైపు మిషన్ మూత తీసి, సందుల్ల పేరుకున్న పత్తి పీచును నోటితోని ఊదేటోడు. ఊది దగ్గేటోడు. దగ్గి నవ్వేటోడు. "నేను బట్ట నేసే సాంచా నడపకున్నా, సాంచానే నా ఛాతిల కూసొని నడుస్తున్నది బిడ్డా."

మా ఇంటికొస్తె ఆయన చాయ్‌కి వేరే గ్లాసు ఉండె. కిటికీల బోర్లించి ఉండేది. ఆయనకు తెలుసు. తాగి, తనే కడిగి, మళ్లా కిటికీలనే బోర్లించేటోడు. ఏదీ అనేటోడు కాదు. అనకపోవుడు ఆయన మంచితనమని నేను చాన్నాళ్లు అనుకున్న. అది అలవాటని తర్వాత తెలిసింది.

ముంబైల సోషియాలజీ ఎమ్మే చేసినంక, బయటి దేశంల పీహెచ్‌డీకి అర్జీ పెడ్తనని ఇంట్ల చెప్పిన. బాపుకు పన్నెండు సాంచాల షెడ్డు. "డాక్టర్ అంటరు గదా అది చదివితె? సూది ఎయ్యొస్తదా?" అన్నడు. "సూది లేదు, మందు లేదు. పెండ్లి తప్పించుకునే తరీఖా" అన్నది అమ్మ.

ఎందుకు చదవాలనుకుంటున్నవో రాసి పంపమంటరు ఆ యూనివర్సిటీలోళ్లు. రాసి, టైపు కొట్టమని కాకకు ఇచ్చిన. ఆఖరు తారీఖు నెత్తిమీదికొచ్చింది, చదవకుండనే సంతకాలు పెట్టి పోస్టు చేసిన. తిరిగొచ్చేటప్పుడు బస్సుల నకలు తీసి చూసిన. "పేద, మర్యాదస్తుల కుటుంబంల పుట్టి, కింద సంతకం చేసిన నేను తమరి దయకు సవినయంగా విన్నవించుకునేది ఏమనగా" అని ఇంగ్లీషుల మొదలైంది. తమరి ఆయురారోగ్యాల కోసం ఎల్లప్పుడు ప్రార్థిస్తనని ముగిసింది.

"ఇదేంది కాకా? నేను భీక్ అడుగుతున్ననా?"

"సీటు అడుగుతున్నవు గదా. అడిగేకాడ గట్లనే రాయాలె. తాలూకా ఆఫీసుల నా అర్జీ ఎన్నడన్న వాపస్ వచ్చిందా?"

ఐదు చోట్లకు పంపితె, సీటు లేదని ఐదు పల్చటి కవర్లు వచ్చినయి. ప్రతి కవరు తిప్పి తిప్పి చూసిండు ఆయన. "నా ఇంగ్లీషు తప్పాయెనా?"

"తప్పు లేదు కాకా. అండ్ల నేనే లేను."

వారం దినాల తర్వాత ఒక సాయంత్రం పిలిచి, నువ్వు నిజంగ ఏం చదువుదామనుకుంటున్నవని అడిగిండు. ఈ ఊళ్లె సాంచాల మీద పనిచేసెటోళ్లు ఎట్ల బతుకుతున్నరో రాస్తనన్న.

"బతుకుడు ఎవలన్న రాస్తరు. సచ్చుడు ఎవలు రాస్తరో తెలుసా? నేను."

మంచం కింద నుంచి రేకు పెట్టె గుంజిండు. నిండా కార్బన్ నకళ్లు. షెడ్‌ల పనోడు సచ్చిన ప్రతిసారి మాలిక్ వచ్చి కొట్టిచ్చుకున్న కాగితాలు. కరెంటు కొట్టిందో, మోటరు పట్టా గుంజిందో, పీచు మింగి మింగి ఊపిరి నిలిచిందో, కాగితం మీద మాత్రం ఒక్కటే మాట: ఇంటికాడ గుండెనొప్పితోని పోయిండు, మాలిక్ మీద ఏ షికాయతు లేదు. కింద పెండ్లాం వేలిముద్ర. పక్కన మాలిక్ సంతకం. మూలకు సన్నగ కాక పేరు పొడి అక్షరాలు. ఊరు ఊరంతా గుండెనొప్పే.

"ఎందుకు దాచినవు కాకా?"

"కొట్టనని చెప్పే ధైర్యం లేకుండె. పారేసే ధైర్యం గూడ లేకుండె."

ఇది చదువుతున్నోళ్లల్ల కొందరి సంతకాలు ఆ పెట్టెల ఉన్నయి. మీకు తెలుసు. మా బాపుది గూడ ఉన్నది. మా షెడ్‌ల పనిచేసినాయన ఒకాయన నన్ను సైకిల్ మీద బడికి దించేటోడు. నేను ఆరో తరగతిల ఉండంగ, ఆయన ఊరికి పోయిండని చెప్పిండ్రు నాకు. తడి చేతులతోని స్విచ్చి ముట్టిండని కాక చెప్పిండు. కాగితం మీద ఆయనకు గూడ గుండెనొప్పే.

ఆ కాగితం పట్టుకొని నేను కూసుంటె, కాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "నీ బాపుది తీసేస్తె మిగిలినోళ్లయి గూడ పెట్టకు. నా పేరు తీసేస్తె ఏదీ పెట్టకు. కొట్టింది నేను. ఎవలు కొట్టిండ్రో రాయకుంటె అది మళ్లా నా అర్జీ లెక్కనే ఉంటది."

ఆ వానకాలమంతా ఆ నకళ్ల మీద వ్యాసం రాసిన. ఈసారి దరఖాస్తుతోని పంపాల్సిన అసలు రాత అదే. దానితోనే సీటు వస్తది, దానితోనే పోతది. దగ్గుకుంట, నడుమ నడుమ గోడకు ఒరిగి, మొత్తం కాకనే కొట్టిండు. ఒక్క మాట తనది కలపలే. ఆఖరి పేజీల ఆగి, "ఒక్క 'సవినయంగా' అన్న పెట్టనా?" అన్నడు. వద్దన్న. పగలబడి నవ్విండు, నవ్వు దగ్గయింది. తువాలల పడ్డ రక్తం నాకు కనబడకుండ మడుస్తున్నడు. నేను చూసిన.

బాపు అది చదవలేడు గని, అండ్ల ఏమున్నదో అన్న చదివి చెప్పిండు. కాకను బొంద పెట్టేనాడు బాపు వచ్చిండు, బొందలగడ్డ గేటు బయటనే నిలబడ్డడు. వాపస్ వచ్చేటప్పుడు అన్నడు: "ఆయన పోయిండు. ఇగ ఆ ఒక్క కాగితం తీసెయ్యి. ఎవలకు తెలుస్తది?"

నేను ముందుకు నడిచిన. బాపు ఎంటవడ్డడు.

"అందరు గట్లనే జేసిండ్రు బిడ్డా. నేనొక్కన్నేనా?"

"అందరియి ఉన్నయి బాపు."

"పరాయి దేశపోళ్లకు నన్ను సూపిచ్చి సీటు తెచ్చుకుంటవా?"

  ఆయన సంతకం మీద నడిచిన షెడ్డే నన్ను ఎమ్మే చదివిచ్చింది. అమ్మ మాత్రం, ఆ ముసలోడే పిల్లను పాడు చేసిండని వచ్చినోళ్లందరికి చెప్తున్నది. ఆయన గ్లాసు చెత్తల వేసింది. నేను తీసి కడిగి మా గ్లాసులల్ల కలిపిన. ఏది ఆయనదో ఇప్పుడు నాకే తెల్వదు.

సచ్చిపోయినోళ్ల పేర్లు, వాళ్ల పెండ్లాల పేర్లు వ్యాసంల నుంచి తీసేసిన. సంతకం పెట్టినోళ్లయి తియ్యలే. కొట్టినాయనది తియ్యలే. మొదటి కాగితం మా షెడ్డుది. కవరు అంటించిన. రేపు పోస్టు చేస్తున్న.